ఫ్రేములు పెరగలేదు, తడబాటు పోయింది

నా గేమింగ్ కంప్యూటర్ 2016 నాటిది. ఇంటెల్ కోర్ ఐ5-6500 ప్రాసెసర్, బీ150 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, 6 జీబీ మెమరీ గల జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. వాటికి తోడు ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్. ఈ మధ్య ర్యామ్‌ను 16 జీబీ చేసి, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ చేసే పనినే చిప్పులతో వేగంగా చేసే డ్రైవ్) ఒకటి పెట్టాను. ప్రాసెసర్ అదే, గ్రాఫిక్స్ కార్డు అదే. ఆట మాత్రం మారిపోయింది.

"అక్కా, ఇంత పాతదానికి మళ్లీ ఖర్చెందుకు? కొత్తది తీసుకోవచ్చు కదా" అన్నాడు మా తమ్ముడు. వాడి మాటలోనూ న్యాయం ఉంది. సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని బొమ్మలు వస్తున్నాయో తెర మూలన చూపించే అంకె మీదే వాడి కళ్లెప్పుడూ ఉంటాయి. అప్‌గ్రేడ్‌కు ముందు అది అరవై దగ్గర ఉండేది, తర్వాత కూడా దాదాపు అక్కడే ఉంది. ఆ ఒక్క అంకెనే కొలమానంగా పెట్టుకుంటే నేను చేసిన పనంతా దండగ. కాబట్టి ముందు దాని సంగతి తేల్చాలి.

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. నిమిషం ఆటలో ఎక్కడో ఒక ఫ్రేము దగ్గర 300 మిల్లీసెకన్లు ఆగిందనుకోండి. ఆ నిమిషానికి సగటు తీస్తే 59.7 వస్తుంది. అంకెలో తేడా కనబడదు. ఆడేవాళ్లకు మాత్రం ఆ క్షణంలో తెర బిగుసుకుపోతుంది, మౌస్ తిప్పినా చూపు తిరగదు, మలుపులో కారు వెళ్లి గోడను గుద్దుకుంటుంది. కుదుపు ఎంత ఉందో తెలియాలంటే ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని గీతగా చూపించే సాధనం కావాలి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్ ఆ పని చేస్తుంది. నా కంప్యూటర్‌లో ఆ గీత చాలాసేపు చదునుగా సాగి, ఆటలో ఒక కొత్త వీధిలోకి అడుగుపెట్టగానే నిటారుగా పైకి లేచేది. ఆ లేవడమే నా బాధంతా. దాన్ని తగ్గించడానికి గ్రాఫిక్స్ సెట్టింగులు ఎంత దించినా ఉపయోగం లేకపోయింది, ఎందుకంటే ఆ క్షణాల్లో గ్రాఫిక్స్ కార్డు పనిలేకుండా కూర్చుంటోంది. డేటా కోసం ఎదురుచూస్తోంది.

ఎవరి దగ్గర నుంచి? హార్డ్ డిస్క్ దగ్గర నుంచి. 7200 ఆర్‌పీఎం డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన డేటా చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, నాలుగు మిల్లీసెకన్ల పైమాట. అంతకంటే ముందు ఆ హెడ్ సరైన ట్రాక్ మీదికి జరగాలి, దానికి ఎనిమిదో తొమ్మిదో మిల్లీసెకన్లు. వెరసి చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను చదవాల్సి వస్తే సెకనుకు ఎనభైకి అటూ ఇటూ మాత్రమే చదవగలదు. ఒక్కో ముక్క 4 కేబీ అయితే, సెకనుకు 150 ఎంబీ ఇస్తానన్న డిస్కు అర ఎంబీ కూడా ఇవ్వలేని స్థితి. ఈ లెక్కను మార్చడం ఏ సాఫ్ట్‌వేర్ తరమూ కాదు. లోహపు చేయి ఒకటి నిజంగా కదలాలి, పళ్లెం నిజంగా తిరగాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదే చిన్న ముక్కను మిల్లీసెకనులో పదో వంతులో, అంతకన్నా తక్కువలో తెచ్చి ఇస్తుంది.

ఆటలు తయారుచేసేవాళ్లూ ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ ఉందనే అనుకుని రాస్తున్నారు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ రెండూ ఎస్‌ఎస్‌డీతోనే వచ్చాయి. ఆ తర్వాత పీసీ ఆటల అవసరాలూ మారాయి. 2023లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ కనీస అవసరాల్లోనే 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అని రాసి ఉంటుంది. సైబర్‌పంక్ 2077 విడుదలైనప్పుడు హార్డ్ డిస్క్ సరిపోయేది. అదే 2023లో 2.0 అప్‌డేట్ వచ్చేసరికి కనీస అవసరాల్లోకి ఎస్‌ఎస్‌డీ చేరింది.

ఇక ర్యామ్ చాలకపోవడం సంగతి. 8 జీబీలో విండోస్‌కు కొంత, వెనక తెరిచి ఉంచిన బ్రౌజర్‌కు కొంత పోతే ఆటకు మిగిలేది తక్కువ. చాలనప్పుడు విండోస్ కొంత డేటాను ర్యామ్ నుంచి తీసి పేజ్ ఫైల్‌లో రాస్తుంది. ఆ పేజ్ ఫైల్ ఎక్కడుంది? ఆట టెక్స్చర్లు (గోడల మీద, నేల మీద అతికే బొమ్మలు) ఉన్న ఆ హార్డ్ డిస్క్ మీదే. గోరుచుట్టు మీద రోకటిపోటు. అసలే చదవలేక తంటాలు పడుతున్న డిస్కు మీద రాసే పని కూడా వచ్చి పడుతుంది. బయటికి మాత్రం డిస్కు చాలకపోవడం, ర్యామ్ చాలకపోవడం రెండూ ఒకేలా కనిపిస్తాయి, డిస్కు నెమ్మది అనిపిస్తుంది. అందుకే ఏదైనా కొనే ముందు అరగంట కేటాయించి అసలు కారణం ఏదో చూడమని నా మాట.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే మెమరీ దగ్గర ఎన్ని స్లాట్లు నిండాయో, ర్యామ్ ఏ వేగంతో నడుస్తోందో ఉంటుంది. డిస్క్ దగ్గర యాక్టివ్ టైమ్ ఉంటుంది. ఆట కుదిపిన ప్రతిసారీ అది నూరు శాతానికి చేరుతుంటే కారణం సగం దొరికినట్టే. మిగతా సగానికి రిసోర్స్ మానిటర్‌లో డిస్క్ ట్యాబ్ తెరవాలి. ఆ క్షణంలో డిస్కు ఏ ఫైలును చదువుతోందో, ఏ ఫైలులో రాస్తోందో పేర్లతో సహా చూపిస్తుంది. ఆట ఫైళ్లే పైన ఉంటే డిస్కు చాలడం లేదు. పేజ్ ఫైల్ పేరైన పేజ్‌ఫైల్.సిస్ పైకి వస్తే ర్యామ్ చాలడం లేదు. నాకు రెండూ వంతులవారీగా పైకి వచ్చాయి. మెమరీ ట్యాబ్‌లో హార్డ్ ఫాల్ట్స్ అనే గీత కూడా ఉంటుంది కానీ దాన్ని ఒక్కదాన్నే చూసి తేల్చుకోకూడదు. ప్రోగ్రాములు తమ ఫైళ్లను డిస్కు నుంచి మామూలుగా తెచ్చుకున్నా అందులో లెక్కకు వస్తుంది.

ర్యామ్ ఎంపిక పెద్ద కష్టమేమీ కాదు, బోర్డు ఏ తరానిదో తెలిస్తే చాలు. ర్యామ్ తరాల్లో డీడీఆర్3 స్టిక్‌కు 240 పిన్నులు, దాని తర్వాతి డీడీఆర్4కు 288. మధ్యలో ఉండే గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకటి ఇంకోదాని స్లాట్‌లో దూరదు. ఐ5-6500 లాంటి ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్ల బోర్డుల్లో చాలావరకు డీడీఆర్4 అయినా, డీడీఆర్3ఎల్ తీసుకునేవీ కొన్ని ఉన్నాయి. కాబట్టి ప్రాసెసర్ పేరు చూసి ఊహించకండి, బోర్డు మాన్యువల్ చూడండి. వేగం విషయంలో బీ150 లాంటి బోర్డు మీద ఐ5-6500కు 2133 మెగాహెర్ట్జ్‌తోనే సరి. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) పెట్టి అంతకు మించి నడపాలంటే జెడ్ శ్రేణి చిప్‌సెట్ ఉన్న బోర్డు కావాలి. 3200 స్టిక్ పెట్టినా 2133కే దిగి నడుస్తుంది. అందులో నష్టమేమీ లేదు, లాభమూ లేదు.

అసలు లాభం జతలో ఉంది. డీడీఆర్4-2133 ఒక్క ఛానెల్‌లో, అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న ఒక్క దారిలో, సెకనుకు 17 జీబీ డేటా పంపగలదు. రెండు స్టిక్కులు రెండు ఛానెళ్లలో ఉంటే 34 జీబీ. ఇన్నేళ్లూ నా ప్రాసెసర్ సగం దారి మూసుకుని నడిచింది. ఒక్క స్టిక్‌తో అమ్మే కంప్యూటర్లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి, చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పాత 8 జీబీకి ఇంకో 8 జీబీ చేర్చినా చాలాసార్లు పని చేస్తుంది, రెండింటిలో నెమ్మదైన దాని వేగానికి రెండూ దిగుతాయి. నేను మాత్రం రెండు 8 జీబీ స్టిక్కుల కిట్టే తీసుకున్నాను. కలిపి పరీక్షించి అమ్మినవి కాబట్టి రేపు ఏదైనా తేడా వస్తే పాతదా కొత్తదా అని వెతుక్కునే పని ఉండదు. 32 జీబీ ఎందుకు వద్దనుకున్నానంటే, ఈ గ్రాఫిక్స్ కార్డుతో ఆడగలిగే ఆటలకు 16 హాయిగా సరిపోతుంది.

బిగించే పని దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే. పవర్ సప్లై స్విచ్ ఆపి, కేబుల్ తీసి, ఆ తర్వాత కంప్యూటర్ పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోవాలి. లోపల నిలిచిన కరెంటు పోతుంది. రంగు వేయని లోహపు భాగాన్ని ఎక్కడైనా ఒకసారి ముట్టుకుంటే ఒంట్లో స్టాటిక్ ఉన్నా దిగిపోతుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. పక్కపక్కన పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే ఛానెల్‌లోకి పోతాయి. స్టిక్ గాటును స్లాట్‌లోని గట్టుకు సరిచూసి, రెండు చివరలా బొటనవేళ్లతో సమంగా నొక్కాలి. ఇక్కడ చాలామంది భయపడి మధ్యలో ఆపేస్తారు. బోర్డు కొంచెం వంగుతున్నట్టు కూడా అనిపిస్తుంది. అయినా నొక్కాలి, చివరి క్లిప్ టక్కుమని తనంతట తాను మూసుకునే దాకా. బంగారు రంగు పిన్నులు ఒక వైపు కొంచెం ఎక్కువ కనబడుతుంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉంటుంది. బోర్డు కొత్త మెమరీని పరీక్షించి టైమింగులు సరిచేసుకుంటోంది. కంగారుపడి పవర్ తీయకండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. కొత్త ర్యామ్, కొత్త ఎస్‌ఎస్‌డీ రెండూ చేతికి వచ్చినా ఒకే పూట రెండూ బిగించకండి. ముందు ర్యామ్ పెట్టండి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ను యూఎస్‌బీలో వేసి రాత్రంతా నడవనివ్వండి. ఎందుకంటే ఆ తర్వాత పాత డిస్కు నుంచి కాపీ చేసే ప్రతి ఫొటో, ప్రతి సేవ్ ఫైలు ఈ ర్యామ్ గుండానే వెళ్తుంది. చెడిపోయిన ర్యామ్ కేక పెట్టి చెప్పదు. ఎక్కడో ఒక బిట్ తారుమారు చేసి, కాపీ విజయవంతం అనే చూపిస్తుంది. ఏ ఏడాది తర్వాతో ఒక ఫొటో తెరిస్తే సగం బూడిద రంగులో ఉంటుంది. తప్పులుంటే మెమ్‌టెస్ట్ ఎర్ర గీతల్లో చూపిస్తుంది. ఒక్కటి కనిపించినా ఆ స్టిక్ వెనక్కి పంపేయాల్సిందే. నా తెర మీద పొద్దుటికి ఒక్క ఎర్ర గీతా లేదు. అది చూశాకే ఎస్‌ఎస్‌డీ పెట్టె తెరిచాను.

ఎస్‌ఎస్‌డీని బోర్డుకు కలిపే పద్ధతులు రెండు, పాత సాటా, కొత్త ఎన్‌వీఎంఈ. ఏది కావాలన్న ప్రశ్న మీద వాదనలు తెగవు. సాటా 3 పరిమితి సెకనుకు 600 ఎంబీ, చేతికి అందేది 550 దాకా. పీసీఐఈ 3.0 (గ్రాఫిక్స్ కార్డు కూడా వాడే డేటా దారి) నాలుగు లేన్ల మీద నడిచే ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ దాకా ఇస్తుంది. కాగితం మీద ఆరు రెట్లు. ఆటలో మాత్రం హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే తేడా అపారం, అక్కడి నుంచి ఎన్‌వీఎంఈకి మారితే కనిపించేది చాలా స్వల్పం. చదివిన డేటాను విప్పి సిద్ధం చేయాల్సింది ప్రాసెసర్, నాలుగు కోర్ల ప్రాసెసర్‌కు ఆ పనే ఎక్కువైపోతుంది. కాబట్టి మీ బోర్డులో ఎన్‌వీఎంఈ పెట్టే ఎం.2 స్లాట్ లేకపోతే బాధపడనవసరం లేదు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే మీకు రావలసిన సుఖంలో అధికభాగం వచ్చేస్తుంది. 2014కు ముందు బోర్డులకైతే నేను అదే సిఫారసు చేస్తాను. వాటిలో అడాప్టర్ కార్డు మీద ఎన్‌వీఎంఈ పెట్టినా, దాని నుంచి బూట్ కావడానికి బయాస్ (బోర్డును లేపే తొలి సాఫ్ట్‌వేర్) ఒప్పుకోవడం అరుదు.

నా బోర్డులో స్లాట్ ఉంది, పైగా రేపు కంప్యూటర్ మార్చినా ఈ ఎస్‌ఎస్‌డీ వెంట వస్తుంది. అందుకని ఎన్‌వీఎంఈ తీసుకున్నాను. కొనేటప్పుడు రెండు విషయాలు చూశాను. ఒకటి, ఎం.2 ఆకారంలో ఉన్న ప్రతిదీ ఎన్‌వీఎంఈ కాదు, అదే ఆకారంలో సాటావీ ఉన్నాయి. రెండు, డేటా దాచే ఫ్లాష్ చిప్పులు క్యూఎల్‌సీ కాకుండా టీఎల్‌సీ రకం కావాలి. క్యూఎల్‌సీలో ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాస్తారు, టీఎల్‌సీలో మూడే. క్యూఎల్‌సీ డ్రైవుల్లో ముందుండే వేగవంతమైన క్యాష్ నిండిపోయాక పెద్ద ఆట ఇన్‌స్టాల్ చేస్తుంటే రాసే వేగం బాగా పడిపోతుంది. వంద జీబీ దాటిన ఆటలున్న ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పీసీఐఈ నాలుగో తరం డ్రైవ్ దొరికినా తీసుకోవచ్చు, మూడో తరం స్లాట్‌లో ఆ వేగానికి తగ్గి నడుస్తుంది.

నా బోర్డులో ఎం.2 స్లాట్ గ్రాఫిక్స్ కార్డు కింద దాగి ఉంది. కార్డు స్క్రూ విప్పి, స్లాట్ చివరనున్న చిన్న క్లిప్‌ను వేలికొనతో వెనక్కి నొక్కి, కార్డును నిటారుగా పైకి లాగితే కానీ స్లాట్ కనబడలేదు. ఎస్‌ఎస్‌డీని ఏటవాలుగా గుచ్చాలి. వదిలేస్తే అది గాలిలోకి లేచి నిలబడుతుంది, అలా నిలబడటం సహజమే. చివరను మెల్లగా కిందికి నొక్కి పట్టుకుని, 80 మిల్లీమీటర్ల గుర్తు దగ్గరున్న స్టాండాఫ్‌లో (స్క్రూ దూరే చిన్న దిమ్మె) ఆ చిట్టి స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ గోటిలో సగం కూడా ఉండదు. అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ విలువ అప్పుడు తెలుస్తుంది.

విండోస్‌ను క్లోన్ చేయకుండా, అంటే పాత డిస్కులోది ఉన్నదున్నట్టు నకలు తీయకుండా, కొత్తగా వేసుకున్నాను. ఏళ్ల తరబడి పేరుకున్నవన్నీ మోసుకెళ్లడం నాకు నచ్చలేదు. క్లోన్ చేసేవాళ్లు గమనించాల్సింది, ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావాలంటే యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ విధానం, జీపీటీ అనే కొత్త పద్ధతిలో విభజించిన డిస్కు ఉండాలి. పాత డిస్కు ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటే విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం దాన్ని మార్చిపెడుతుంది, కానీ అంతకు ముందు బ్యాకప్ తప్పనిసరి. కొత్తగా వేసుకునేవాళ్లు ఇన్‌స్టాల్ పూర్తయ్యే దాకా పాత డిస్కు సాటా కేబుల్ తీసేసి ఉంచండి. లేదంటే ఇన్‌స్టాలర్ బూట్ విభాగాన్ని పాత డిస్కు మీద వాడుకునే ప్రమాదం ఉంది. ఆ డిస్కు చచ్చిపోయిన రోజున ఎస్‌ఎస్‌డీ చెక్కుచెదరకుండా ఉన్నా కంప్యూటర్ లేవదు. ఒక టెరాబైట్ డ్రైవ్ 931 జీబీ అని చూపిస్తే కంగారు వద్దు. తయారీదారు వెయ్యితో భాగిస్తాడు, విండోస్ 1024తో భాగిస్తుంది.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆరో తరం ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. ప్రస్తుతానికి 2026 అక్టోబరు దాకా వచ్చే పొడిగింపు భద్రతా అప్‌డేట్లలో చేరాను. తర్వాత లినక్స్‌కు వెళ్తాను. నేను ఎక్కువగా ఆడే, ఒక్కరే ఆడుకునే ఆటలు ప్రోటాన్ (విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద బాగానే నడుస్తున్నాయి. యాంటీ చీట్ (మోసాన్ని పట్టే ఏర్పాటు) ఉన్న ఆన్‌లైన్ ఆటల్లో కొన్ని లినక్స్‌ను రానివ్వవు, అవే ప్రధానమైతే ఈ దారి మీకు పనికిరాదు.

ఇక ఫలితం. సైబర్‌పంక్‌లో సేవ్ లోడ్ కావడానికి ఇదివరకు నిమిషానికి పైగా పట్టేది, ఇప్పుడు పావు నిమిషం లోపే. నగరంలో కారు వేగంగా నడుపుతుంటే ముందు రోడ్డు, తర్వాత భవనాలు, ఆ తర్వాత వాటి గోడల మీద బొమ్మలు ఒక్కొక్కటిగా వచ్చి అతుక్కునేవి. ఇప్పుడు అన్నీ ముందే ఉంటున్నాయి. ఫ్రేము సమయం గీత ఇంకా అక్కడక్కడా లేస్తోంది, నాలుగు కోర్లు నూరు శాతం నిండిన చోట్ల. కానీ తెర బిగుసుకుపోవడం లేదు. సగటులో వచ్చిన తేడా రెండు మూడు ఫ్రేములు. మా తమ్ముడు ఒక సాయంత్రమంతా ఆడి, అంకె వైపు చూడటం మరిచిపోయాడు.

ఈ అప్‌గ్రేడ్ తీర్చలేనిదాన్ని కూడా చెప్పాలి. ర్యామ్ పెంచితే గ్రాఫిక్స్ మెమరీ పెరగదు. టెక్స్చర్లు 6 జీబీ దాటితే మిగిలినవి సిస్టమ్ ర్యామ్‌లోకి వస్తాయి, గ్రాఫిక్స్ కార్డు వాటిని పీసీఐఈ దారిలో తెచ్చుకోవాలి. ఆ దారి సెకనుకు 16 జీబీ లోపే, కార్డు సొంత మెమరీ వేగం 192 జీబీ. ఆ తేడా మళ్లీ కుదుపై కనిపిస్తుంది. అందుకే కొత్త ఆటల్లో టెక్స్చర్ సెట్టింగును మీడియంలోనే ఉంచుతున్నాను, మిగతావి కొంచెం పెంచుకున్నా ఇబ్బంది లేదు.

పాత హార్డ్ డిస్క్‌ను తీసేయలేదు. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన చోట్లు) సున్నా ఉన్నాయి కాబట్టి పాత ఆటలు, రికార్డు చేసిన వీడియోలు అందులో ఉంచాను. ఆ అంకె పెరగడం మొదలైతే తీసేస్తాను. ఈ బోర్డు మీద ఇంకొక్క భాగం మార్చాలంటే అది ఐ7-6700. సాకెట్ అదే, నాలుగు కోర్లకు ఎనిమిది థ్రెడ్లు (ఒక్కో కోరు ఒకేసారి రెండు పనుల వరుసలు నడుపుతుంది). బయాస్ అప్‌డేట్ చేస్తే ఏడో తరం ఐ7-7700 కూడా నడుస్తుంది. ఎనిమిదో తరం ప్రాసెసర్ల సాకెట్‌కూ 1151 అనే పేరే ఉన్నా అవి ఈ బోర్డులో పని చేయవు, వాటికి 300 శ్రేణి చిప్‌సెట్ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో వెతికేటప్పుడు ఆ ఒక్కటి చూసుకోండి.